మా ఇంటి కంప్యూటరుకు జబ్బు చేసింది



ఈ శీర్షికలో నెలనెలా రక్తపోటనీ, మధుమేహమనీ, మోకాళ్ళ నొప్పులనీ ఏదో ఒకటి రాస్తూ వస్తున్నాను. ఈ నెల విటమిన్ డి గురించి రాస్తానని పోయిన సంచికలో మాట కూడా ఇచ్చాను. ఆ మాట తప్పుతున్నందుకు మన్నించాలి. కారణం ఏమిటంటే, ఈ నెలంతా మా ఇంట్లోనే ఒక రోగి ఉంది. వయసు పదేళ్ళు. మేడమీద చిన్నగదిలో, కిటికీ కింద, కార్పెట్టు మీద నివాసం. అదే మా కంప్యూటరు.

ఇది నా ఒక్కడి గోల అనుకున్నాను గానీ కాదు. ఉగాదినాడు పులిహోర దగ్గర వరసలో నిలబడి ఉండగా నన్నడిగిన ప్రశ్నల్లో సగం చక్కెర గురించయితే, తక్కిన సగం "మా ఇంట్లో కంప్యూటరు ప్రాణం తోడేస్తోంది డాక్టరుగారూ, మీది ఎలా ఉంది?" అన్నవే. కాబట్టి ఈ కథ నలుగురికీ పనికొస్తుందని రాస్తున్నాను. నేను ఇంజనీరును కాను. కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలో చదువుకుని, ఇక్కడ ఇంగ్లండులో ఆసుపత్రి ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. అయితే కాకినాడలో నేర్చుకున్న చదువే చివరికి ఈ రోగికీ అక్కరకొచ్చింది. ఆ చదువు సమయానికి గుర్తురాకపోవడం వల్ల కొంత నష్టం కూడా జరిగింది. అదీ చెబుతాను.

ముందు జబ్బు సంగతి. స్విచ్చి నొక్కి, కిందికి దిగి, టీ పెట్టుకుని, తాగి, కప్పు కడిగి మళ్ళీ పైకి వెళ్ళినా తెరమీద ఆ చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. చేతిగడియారం పెట్టి చూశాను. పదకొండు నిమిషాలు. లేచాక కూడా మందకొడితనమే. ఒక ఉత్తరం తెరవమంటే ఆలోచించుకుని తెరిచేది. ఇది చాలనట్టు, అప్పుడప్పుడు ఉన్నట్టుండి ఆరిపోయేది. మా అమ్మాయి బడి పని సగంలో ఉండగా రెండుసార్లు అలా జరిగి, ఇంట్లో ఏడుపులూ పెడబొబ్బలూ అయ్యాయి.

నేనేం చేశానంటే, రాత్రి డ్యూటీనుంచి వచ్చి, నిద్ర కళ్ళతో, తోచిన మందల్లా వేశాను. కంప్యూటరును పరుగెత్తిస్తామని చెప్పే ఉచిత ప్రోగ్రాము ఒకటి దించుకున్నాను. వైరస్సులు పట్టే ప్రోగ్రాము ఒకటి ఉండగానే ఇంకొకటి ఎక్కించాను. అక్కరలేదనిపించిన ఫైళ్ళు చెరిపేశాను. డిస్కును తనిఖీ చేసి బాగుచేయమని ఆజ్ఞ ఇచ్చి, రాత్రంతా నడవనిచ్చి పడుకున్నాను. మర్నాడు పదకొండు నిమిషాలు కాస్తా పధ్నాలుగయ్యాయి.

ఆసుపత్రిలో పెద్దవాళ్ళు కొందరు వస్తుంటారు. నీరసం, తల తిరుగుడు అంటారు. సంచీలో ఉన్న మాత్రలన్నీ బల్లమీద పోయమంటే, ఒకే మందు రెండు వేర్వేరు పేర్లతో రెండు డబ్బాల్లో ఉంటుంది. జబ్బుకంటే మందుల బరువే ఎక్కువ. నేను చేసిందీ సరిగ్గా అదే. రెండు వైరస్ ప్రోగ్రాములు ఒకేసారి పనిచేస్తే, తెరిచిన ప్రతి ఫైలునూ ఇద్దరూ సోదా చేస్తారు. యంత్రం ఇంకా నీరసిస్తుంది. ఒకటి చాలు. విండోస్‌లో డిఫెండరు ఎలాగూ దానితోపాటే వస్తుంది.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి, "ఏమండీ, ఆసుపత్రిలో రోగుల్ని కూడా మీరు ఇలాగే చూస్తారా?" అంది.

ఆ మాట గుచ్చుకుంది. మర్నాడు ఒక నోటుపుస్తకం తెచ్చి కంప్యూటరు పక్కన పెట్టాను. అది కేసు షీటు. వారంరోజులపాటు ఎవరు వాడినా, ఎప్పుడు ఏం జరిగిందో, అప్పుడు ఏం చేస్తున్నారో అందులో రాయాలన్నది కట్టడి. ఎప్పటినుంచి? ఒక్కసారిగా వచ్చిందా, మెల్లమెల్లగా పెరిగిందా? ఏం చేస్తే ఎక్కువవుతోంది, దేనివల్ల తగ్గుతోంది? దానికి ముందు ఇంట్లో ఏమన్నా మారిందా? మనిషిని అడిగే ప్రశ్నలే. వారం గడిచేసరికి పుస్తకంలో రెండు కథలు కనబడ్డాయి.

మొదటి కథ నెమ్మది గురించి. స్విచ్చి వేసిన క్షణంనుంచీ అది ఉంది. ఏడాదిగా మెల్లగా పెరిగింది. అందులోనూ పాత ఫొటోలు, వీడియోలు ఉన్న ఒక అర తెరిచినప్పుడల్లా మొత్తం బిగుసుకుపోయేది, లోపల టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చేది.

రెండో కథ ఆరిపోవడం గురించి. ఉత్తరాలు రాసుకునేటప్పుడు ఒక్కసారీ ఆరిపోలేదు. వీడియోలో మాట్లాడుతున్నప్పుడో, అమ్మాయి ఆటలాడుతున్నప్పుడో, అదీ ఇరవై ముప్ఫై నిమిషాల తరవాత ఆరిపోయేది. వెంటనే మళ్ళీ వేస్తే అయిదు నిమిషాల్లో పోయేది. గంటసేపు వదిలేసి వేస్తే మళ్ళీ అరగంట నడిచేది.

మా మెడిసిన్ ప్రొఫెసరుగారు, లక్షణాలన్నిటికీ ఒకే జబ్బు సరిపోతుందేమో మొదట చూడమనేవారు. సరిపోకపోతే బలవంతంగా సరిపెట్టకుండా, రెండు జబ్బులు ఉండవచ్చని ఒప్పుకోమనేవారు. మా రోగికి రెండూ ఉన్నాయి.

ఇక పరీక్ష. విండోస్ ఉన్నవాళ్ళు కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలు మూడూ ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజరు అనే పట్టిక తెరుచుకుంటుంది. ఇది నాడి చూడటం లాంటిది. అందులో ముఖ్యంగా చూడవలసినవి నాలుగు: ప్రాసెసరు, మెమరీ, డిస్కు, నెట్‌వర్కు. ఏ పనీ చెప్పకుండా అయిదు నిమిషాలు ఊరికే వదిలేసి, అప్పుడు చూడాలి.

ప్రాసెసరు అంకె ఊరికే ఉన్నప్పుడూ పైపైనే ఉంటే, ఏ ప్రోగ్రాము దాన్ని తినేస్తోందో కింద వరసలో కనబడుతుంది. మెమరీ తొంభై శాతం దాటితే చోటు చాలడం లేదన్నమాట. అప్పుడు యంత్రం మెమరీలో పట్టనిదాన్ని డిస్కుమీద పెట్టి, కావలసినప్పుడల్లా తెచ్చుకుంటుంది. వంటగదిలో చోటు లేక, పప్పుడబ్బా కోసం మాటిమాటికీ పెరట్లో కొట్టుకు వెళ్ళి రావడం లాంటిది ఇది. నాలుగు జీబీల మెమరీ ఉన్న పాత యంత్రాల బాధ చాలావరకు ఇదే. ఎనిమిదికి పెంచితే తేడా తెలుస్తుంది. ఈ మూడూ చల్లగా ఉండి, ఇంటర్నెట్టు పేజీలు మాత్రమే రావడం లేదంటే తప్పు కంప్యూటరుది కాకపోవచ్చు. రౌటరుకు తీగతో కలిపి ఒకసారి చూడండి. ఆ పట్టికలోనే స్టార్టప్ అనే భాగం ఉంది. పొద్దున యంత్రం లేవగానే పిలవకుండా లేచి కూర్చునే ప్రోగ్రాముల జాబితా అది. అక్కరలేనివాటిని అక్కడే ఆపవచ్చు. వైరస్ ప్రోగ్రామును మాత్రం ముట్టుకోకండి.

మా రోగికి ప్రాసెసరు పదిశాతం. మెమరీ అరవై. డిస్కు మాత్రం నూటికి నూరు. నిమిషాల తరబడి అలాగే ఉంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. నూరు శాతం అంటే చాలా పని జరుగుతోందని కాదు. ఆ పక్కనే డిస్కు ఎంత సమాచారం ఇస్తోందో, అడిగినదానికి జవాబివ్వడానికి సగటున ఎంతసేపు పడుతోందో కనబడతాయి. సమాచారం బొటాబొటిగా వస్తోంది. జవాబుకు మాత్రం రెండువేల మిల్లీ సెకండ్లు దాటుతోంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా ఒకే దస్త్రం కోసం బీరువా అంతా గాలిస్తుంటే బయట వరస కదలదు కదా, అదే సంగతి.

ఈ పాతరకం హార్డుడిస్కులో పళ్ళేలు గిర్రున తిరుగుతుంటాయి. మాది నిమిషానికి 7,200 చుట్లు తిరిగేది. అంటే ఒక చుట్టుకు ఎనిమిది మిల్లీ సెకండ్ల పైచిలుకు. పళ్ళెం మీద కావలసిన చోటికి చిన్న చెయ్యి ఒకటి జరగాలి, ఆ చోటు తిరిగి దానికిందికి రావాలి. ఆరోగ్యంగా ఉన్న డిస్కయినా ఇలా సెకండుకు నూరు చోట్లకు మించి వెదకడం కష్టం. పళ్ళెంమీద ఒకచోట చెడితే, చదవలేక అదే చోట మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. టిక్కు టిక్కు చప్పుడు అదన్నమాట. ఆ ప్రయత్నం ముగిసేదాకా యంత్రమంతా ఎదురుచూస్తూ కూర్చోవలసిందే.

డిస్కులు తమ అనారోగ్యాన్ని తామే రాసిపెట్టుకుంటాయి. దాన్ని స్మార్ట్ అంటారు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము ఆ చీటీని చదివి చూపిస్తుంది. అందులో 05 అన్న వరస, చెడిపోయి వేరేచోటికి మార్చిన భాగాల లెక్క. సి5 అన్నది చదవలేక అనుమానంలో పెట్టిన భాగాల లెక్క. సి6 చదవడం కుదరనివి. ఈ మూడూ సున్నా ఉండాలి. పెరుగుతూ పోతుంటే ఆ డిస్కు రోజులు దగ్గరపడ్డట్టే. సి7 ఒక్కటే పెరుగుతుంటే డిస్కు మంచిదే కావచ్చు, దాని తీగ మార్చి చూడాలి. మాదానికి సి7 సున్నా. సి5 మాత్రం వంద దాటి పోయింది.

ఆ అంకె చూశాక నాకు చెమటలు పట్టాయి. ఎందుకో చెప్పాలి.

మా నాన్నగారు కాకినాడ దగ్గర హైస్కూల్లో తెలుగు మేష్టరుగా పనిచేసి రిటైరయ్యారు. 2020లో అన్ని దారులూ మూసుకుపోయినప్పుడు ఆదివారం ఆదివారం మా అమ్మాయికి వీడియోలో పద్యాలు చెప్పేవారు. దానికప్పుడు నాలుగేళ్ళు. పద్యం చెబుతూ మధ్యలో ఆగి, "ఏదీ, ఇప్పుడు నువ్వు చెప్పు తల్లీ" అనేవారు. అందులో పధ్నాలుగు రోజులవి నేను రికార్డు చేశాను. 2021 ఏప్రిల్ 23న ఇక్కడి ప్రభుత్వం భారతదేశాన్ని ఎర్ర జాబితాలో పెట్టింది. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చాక హోటల్లో పదిరోజులు ఉండాలి. మా వార్డు చూస్తే మనుషులు చాలక కొట్టుకుంటోంది. ఆ మే నెలలోనే నాన్నగారు పోయారు. నేను వెళ్ళలేకపోయాను. ఆ పధ్నాలుగు వీడియోలూ ఆ డిస్కులో, ఆ అరలోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

అలాంటి డిస్కును నేను బాగుచేయమని ఆజ్ఞ ఇచ్చి రాత్రంతా పళ్ళెం ఈ చివరనుంచి ఆ చివరకు చదివించాను. కాలు విరిగినవాణ్ణి ఎక్కడ విరిగిందో తెలుసుకోవడానికి పరుగెత్తించినట్టు. రోగి ప్రాణం నిలిపాకే పరీక్షలూ చికిత్సలూ అని మొదటి ఏడాది హౌస్ సర్జనుకు కూడా తెలుసు. నాకు తెలియదా? తెలుసు. కానీ ఎదురుగా ఉన్నది యంత్రమనుకున్నాను, నాన్నగారి గొంతు అనుకోలేదు.

అప్పటికప్పుడు ఆర్పేసి ప్లగ్గు పీకేశాను. మన సంఘంలోనే ఉన్న ఒక పెద్దాయనకు ఫోను చేశాను. జీవితమంతా ఇదే పని చేసినవారు. విని ఒకటే మాట అన్నారు: "డాక్టరుగారూ, ముందు నకలు, తరవాతే వైద్యం. నేను వచ్చేదాకా దాన్ని ముట్టుకోకండి."

శనివారం పొద్దున వచ్చారు. కంప్యూటరును దాని సొంత విండోస్‌తో కాకుండా, చిన్న యూఎస్‌బీ పుల్లలో తెచ్చిన లినక్సుతో లేపారు. అలా చేస్తే జబ్బు డిస్కుమీద అనవసరపు రాతకోతలు పడవు. దానికంటే పెద్ద కొత్త డిస్కు ఒకటి బయట తగిలించి, డిడి రెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో నకలు తీయడం మొదలుపెట్టారు. దాని నేర్పు ఏమిటంటే, మొదటి విడతలో సులువుగా చదవగలిగినదంతా తీసుకుంటుంది. మొండికేసిన చోట ఆగి కొట్టుకోకుండా, గుర్తు రాసుకుని ముందుకు పోతుంది. మంచిదంతా చేతికొచ్చాకే వెనక్కు వచ్చి ఆ మొండి చోట్లను కొంచెం కొంచెంగా గిల్లుతుంది. ప్రమాదం జరిగినచోట మొదట బతికేవాళ్ళను బయటికి తీసుకొచ్చే పద్ధతి ఇదే. మధ్యలో ఆపినా, రాసుకున్న గుర్తులనుబట్టి ఆపినచోటునుంచే సాగుతుంది.

ముప్ఫై ఒక్క గంట పట్టింది. పెట్టె పక్క తలుపు తీసి, ఎదురుగా బల్ల ఫ్యాను పెట్టాం. ఆదివారం సాయంత్రానికి ఒక మెగాబైటుకు లోపు తప్ప అంతా వచ్చింది. పధ్నాలుగు వీడియోల్లో పన్నెండు శుభ్రంగా ఉన్నాయి. ఒకదానిలో మధ్యన కొన్ని సెకండ్లు బొమ్మ నిలిచిపోయి గొంతు మాత్రం వస్తుంది. ఒకటి తెరుచుకోలేదు. అమ్మకు ఫోనుచేసి చెప్పాను. "పోతే పోయింది లేరా, పదమూడు ఉన్నాయిగా. అవి నాకు పంపు ముందు" అంది. ఆరేళ్ళుగా అవి అమ్మకు పంపాలని నాకు తోచలేదు. అదీ ఆ రోజే తెలిసింది.

ఇక రెండో జబ్బు. అది వేడి. ప్రాసెసరు సుమారు నూరు డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరకు వస్తే, తనను తాను కాపాడుకోవడానికి మొదట వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే ఆరిపోతుంది. చల్లారేదాకా ఆగితే మళ్ళీ నడుస్తుంది. నోటుపుస్తకంలో ఉన్న కథ అచ్చంగా అదే కదా. పెట్టె తెరిస్తే ఫ్యానుకూ దాని కిందున్న రేకులకూ మధ్య దుమ్ము పరుపులో దూదిలా పేరుకుని ఉంది. పదేళ్ళు కార్పెట్టు మీద పెట్టిన ఫలితం. ప్లగ్గు పీకి, ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని, గాలిడబ్బాతో ఊదాం. ప్రాసెసరు మీద ఎండి పెచ్చులు కట్టిన పేస్టు తుడిచి కొత్తది బఠాణీగింజంత పెట్టాం. అంతకుముందు ఇరవై నిమిషాల్లో 97 డిగ్రీలు చేరేది, ఇప్పుడు 68 దగ్గర ఆగుతోంది. పెట్టె కూడా కార్పెట్టు దిగి చెక్కపీట ఎక్కింది.

పాత డిస్కు తీసేసి, పళ్ళేలు లేని ఎస్ఎస్‌డీ వేశాం. దానిలో కదిలే భాగాలు లేవు కాబట్టి వెదుకులాట ఉండదు. సెకండుకు వేల చోట్లనుంచి జవాబిస్తుంది. మేం ముగ్గురం ఒకసారి హోటల్లో భోంచేసినదానికంటే కాస్త ఎక్కువ ఖర్చు. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2016లో కొన్న మా యంత్రం విండోస్ 11 అడిగే షరతులకు తూగదు. అందుకని లినక్స్ మింట్ వేసుకున్నాం. బడి పనికీ, ఉత్తరాలకూ, వీడియో మాటలకూ ఏ లోటూ లేదు. తెలుగూ రాయవచ్చు. ఈ వ్యాసం దానిమీదే రాస్తున్నాను. ఇప్పుడు ఇరవై అయిదు సెకండ్లలో లేస్తోంది. టీ పెట్టుకునే వ్యవధి లేదని మా ఆవిడ ఫిర్యాదు.

మీకు పనికొచ్చేవి క్లుప్తంగా మళ్ళీ చెబుతాను.

1. ఏ చికిత్సకైనా ముందు నకలు. పోతే మళ్ళీ రానివాటికి మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల వస్తువులమీద ఉండాలి. అందులో ఒకటి మీ ఇంటికి బయట ఉండాలి. ఇప్పుడు మా మూడోది కాకినాడలో అమ్మ బీరువాలో ఉంది.

2. ఒకసారికి ఒకటే మార్చండి. రెండు మందులు కలిపి వేస్తే ఏది పనిచేసిందో, ఏది వికటించిందో తెలియదు.

3. వేడి లేకుండానే నీలితెర వచ్చి ఆగిపోతుంటే మెమరీని అనుమానించండి. మెమ్ టెస్ట్ 86 అనే ప్రోగ్రాము యూఎస్‌బీ పుల్లనుంచి రాత్రంతా నడపండి. తప్పుల లెక్క సున్నా రావాలి. ఒక్కటి వచ్చినా, మెమరీ పలకలను తీసి మళ్ళీ గట్టిగా బిగించి, ఒక్కొక్కదాన్నే విడిగా పరీక్షించండి.

4. స్విచ్చి వేసినప్పుడల్లా తేదీ, గంట తప్పు చూపిస్తుంటే, లోపలున్న సిఆర్2032 అనే బిళ్ళ బ్యాటరీ అయిపోయినట్టు. తేదీ తప్పయితే బ్యాంకు పేజీలు కూడా తెరుచుకోవు. మూడు వోల్టుల బిళ్ళ మారిస్తే సరిపోతుంది.

5. కరెంటు వచ్చే ఇనుపడబ్బా, అంటే పవర్ సప్లై, మాత్రం విప్పకండి. ప్లగ్గు పీకాక కూడా దానిలో ప్రమాదకరమైన కరెంటు నిలవ ఉంటుంది.

6. ఇది ముఖ్యంగా మన దగ్గరకు వచ్చి ఉంటున్న అమ్మానాన్నలకు చెప్పండి. "మీ కంప్యూటరులో వైరస్సు ఉంది, మేం బాగుచేస్తాం" అని ఎవరైనా ఫోను చేస్తే పెట్టేయండి. వాళ్ళు ఈవెంట్ వ్యూయర్ అనే పట్టిక తెరిపించి, ఎర్ర గుర్తులు చూపించి భయపెడతారు. నిక్షేపంలాంటి కంప్యూటరులోనూ ఆ ఎర్ర గుర్తులు ఉంటాయి. ఆరోగ్యవంతుడికి అరచేతిలో గీతలు చూపించి గండం ఉందనడం లాంటిది. వాళ్ళు అడిగిన ప్రోగ్రాము దించుకుంటే మీ యంత్రం వాళ్ళ చేతికి, మీ బ్యాంకు డబ్బు వాళ్ళ జేబుకు పోతుంది.

చివరగా ఒక మాట. ఈ సంచిక మీ చేతికందిన రోజునే, మీ దగ్గర ఒకే ఒక్క ప్రతి ఉన్న గొంతులు, బొమ్మలు ఏమున్నాయో ఒకసారి ఆలోచించి, ఇంకొక్క నకలైనా తీయండి. కంప్యూటరు బాగున్నప్పుడే తీయాలి. ఎలా తీయాలో తెలియనివారు సమావేశంలో నన్నడగండి. ఆ పెద్దాయనా ఉంటారు. ఇద్దరం సాయపడతాం.

మొన్న ఆదివారం ఆ పదమూడింటిలో ఒకటి పెట్టుకుని చూశాం. నాన్నగారు పద్యం సగం చెప్పి, ఆగి, "ఏదీ, ఇప్పుడు నువ్వు చెప్పు తల్లీ" అన్నారు. పదేళ్ళ మా అమ్మాయి తెరలో ఉన్న నాలుగేళ్ళ అమ్మాయికంటే ముందే అందుకుంది.

వచ్చే నెల తప్పకుండా విటమిన్ డి. అంతవరకు సెలవు.